చెద తిన్నది కొంత, సరిదిద్దింది కొంత

అందరికీ నమస్కారం. పాత డైరీలు, జమాఖర్చు చిఠ్ఠాలు, మరుగునపడిన రచయితల చేతిరాతలు ఇంట్లో దొరికితే ఏం చేయాలో చెప్పమన్నారు. వాటి గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ పని నేను పెట్టుకోను. నేను చెప్పదలచుకున్నది ఒకటే: పాత రాతకి చెద ఎంత శత్రువో, మంచి మనసుతో సరిదిద్దేవాడూ అంతే శత్రువు. చెద తిన్నచోట కన్నం కనబడుతుంది. సరిదిద్దినచోట ఏమీ కనబడదు, ప్రమాదం అక్కడే.

తెలుగులో డైరీ అనగానే ముందు చెప్పుకోవలసింది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పట్నం నుంచి బయల్దేరి కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ చూసుకుని, కలకత్తా నుంచి తూర్పుతీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. దారిలో రాసుకున్నవన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడికి ఉత్తరాలుగా పంపుతూ వచ్చాడు. 1836లో వీరాస్వామయ్య పోయాడు, 1838లో పుస్తకం అచ్చయింది. మళ్లీ 1869లో ఒకసారి, ఆ తరవాత 1941లో దిగవల్లి వేంకట శివరావుగారి పరిష్కరణలో.

ఆ పుస్తకం తెరిచిన కొత్త పాఠకుడు ఇరవై పుటల్లో విసుగెత్తిపోతాడు. ఫలానా ఊరు ఇంత దూరం, దారి గులక, నీళ్లున్నాయి, బజారుంది, సామాన్లు దొరుకుతాయి, మళ్లీ పొద్దున బయల్దేరాం. ఇదే వరస. సంక్షిప్తం చేయబోయిన ఎవరైనా మొదట కోసేది వీటినే. చరిత్రకి పనికొచ్చేవీ ఇవే. ఆయన తీరం వెంబడి తిరిగొచ్చింది 1831లో. మరుసటి ఏడు నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమని కరువు పట్టుకుంది. నందన కరువనీ డొక్కల కరువనీ పిలిచేది దాన్నే. దానికి కాస్త ముందు ఈ ప్రాంతంలో ఏ ఊళ్లో బజారు నడుస్తోంది, ఎక్కడ తిండిగింజలు దొరుకుతున్నాయి అని తెలుగువాడు తెలుగులో రాసిన సాక్ష్యం ఇంకెక్కడుంది? తీర్థమాహాత్మ్యాలు ఇంకో వంద పుస్తకాల్లో దొరుకుతాయి, బజారు సంగతి దొరకదు.

భాష సంగతీ ఇంతే. గ్రాంథిక వ్యావహారిక వాదం రేగడానికి ఎనభై ఏళ్ల ముందే ఆయన మాట్లాడే భాషకి దగ్గరగా వచనం రాశాడు. ‘యిక్కడ’, ‘వొక’ అని పాత రాతల్లో కనిపిస్తే చాలామంది చెయ్యి దురద పెడుతుంది. ‘ఇక్కడ’, ‘ఒక’ అని మార్చేస్తారు. ఆ మనిషి ఎలా పలికాడో, ఏ బడిలో అక్షరాలు దిద్దాడో తెలిపే ఆధారం అక్కడితో పోయినట్టే.

ఇప్పుడు మీ చేతిలో ఒక నోటుపుస్తకం ఉందనుకుందాం. మొదటి చిక్కు తేదీ దగ్గర వస్తుంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తాయి. ప్రభవ 1807, 1867, 1927, 1987 ఉగాదులకి మొదలైంది. అక్కడి నుంచి లెక్కబెట్టుకోవాలి. వికృతి ఇరవైనాలుగోది. 1807కి ఇరవైమూడు కలిపితే 1830, అంటే వీరాస్వామయ్య బయల్దేరిన ఏడు. కానీ 1890లోనూ వికృతి ఉంది, 1950లోనూ ఉంది. నోటుపుస్తకంలో ‘వికృతి వైశాఖ బహుళం’ అని మాత్రమే ఉంటే మూడింట్లో ఏదో ఎలా తేల్చాలి?

మొదట వారం చూడండి. తిథి పక్కన వారం రాయడం మనవాళ్లకి అలవాటు. అధికమాసం లెక్క మారకపోతే, అరవై ఏళ్లు గడిచాక అదే తిథి సుమారు రెండు వారాలు ముందుకు జరిగి పడుతుంది. నేనన్న వారాలు రోజులు, మంగళ, బుధ అనే లెక్క. 1830 మే 18 మంగళవారం, వైశాఖ బహుళం. అదే తిథి 1890లో గురువారం దగ్గర, 1950లో శుక్ర శనివారాల దగ్గర పడుతుంది. కాబట్టి తిథీ వారం రెండూ ఉంటే సాధారణంగా ఒక్క ఏడే మిగులుతుంది. ఒక రోజు తేడా వస్తే కంగారు పడకండి. పంచాంగంలో తిథి సూర్యోదయానికి ఉన్నది, రాసినాయన రాత్రి దీపం దగ్గర కూర్చుని రాసి ఉంటాడు, అప్పటికి తిథి మారిపోయి ఉంటుంది. రెండు మూడు రోజుల తేడా వస్తేనే ఏడు తప్పని అనుమానించాలి.

తేదీలో రెండో చిక్కు ఉగాది. తెలుగు సంవత్సరం మార్చిలోనో ఏప్రిల్‌లోనో మారుతుంది. వికృతి మాఘమాసం, ఫాల్గుణమాసం 1831లోకి వస్తాయి. సంవత్సరం పేరు చూడగానే 1830 అని పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే, ఏడాదిలో నాలుగో వంతు పద్దులు ఒక ఏడు వెనక్కి పోతాయి. పెళ్లి ముందు, నిశ్చితార్థం తరవాత జరిగినట్టు తేలిన వంశచరిత్రలు ఇలాంటి పొరపాటు వల్లే తయారవుతాయి.

ఇక ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. భూమి శిస్తు కాగితాలన్నీ ఫసలీలోనే ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అయితే మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరు మొదటి వారంలో, ఆజూరు నెలతో. ఫసలీ 1357 అంటే మద్రాసు పక్క 1947 జూలై నుంచి, నిజాం పక్క 1947 అక్టోబరు నుంచి. సరిహద్దు జిల్లాల్లో రెండు పక్కలా భూములున్న కుటుంబాల కాగితాల్లో ఈ రెండూ కలగలిసి ఉంటాయి. నెల పేరు చూస్తే తేలిపోతుంది. ఆజూరు, దై, బహమన్ అని ఉంటే అది హైదరాబాదు లెక్క.

డబ్బు కూడా అంతే. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. ఈ లెక్క 1957 ఏప్రిల్ 1 దాకా నడిచింది. 5-11-0 అని ఉంటే అయిదు రూపాయల పదకొండు అణాలు. వీరాస్వామయ్య కాలం నాటి కాగితాల్లో వరహాలూ కనబడతాయి. కుంపిణీ లెక్కలో నక్షత్ర వరహా మూడున్నర రూపాయలు, వరహాకి 42 పణాలు, పణానికి 80 కాసులు. హైదరాబాదు కాగితాల్లో అడగవలసిన ప్రశ్న ఇంకొకటి: ఈ రూపాయి హాలీయా, అంటే నిజాం రూపాయా, లేక కల్దారా, అంటే ఇంగ్లీషువారి రూపాయా? నూరు కల్దారు రూపాయలకి 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఇది చూడకుండా అటూ ఇటూ ధరలు పోల్చి, నిజాం ఇలాకాలో బియ్యం ప్రియమని తేల్చిన వ్యాసాలు ఉన్నాయి.

అంకెల దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది జారేది ఇక్కడే. పాత అచ్చులోనూ రాతలోనూ ‘కాతి౯క శు ౯’ అని ఉంటుంది. దీన్ని ఎలా చదవాలి? చివరి ౯ తొమ్మిదే, నవమి. మొదటిది తొమ్మిది కాదు, వలపలగిలక. హల్లుకి ముందు పలకవలసిన రేఫని ఆ హల్లు తరవాత ఈ గుర్తుతో రాసేవారు. ధర్మము ‘ధమ౯ము’ అవుతుంది, మార్గము ‘మాగ౯ము’ అవుతుంది. కాబట్టి అది కార్తిక శుద్ధ నవమి. ఒకే పంక్తిలో ఒకే ఆకారం, ఒకటి అక్షరం, ఒకటి అంకె. కంప్యూటరుతో అక్షరాలు గుర్తింపజేస్తే రెండింటినీ తొమ్మిదులు చేసి పెడుతుంది, లేదా మొదటిదాన్ని మింగేసి ‘కాతిక’ అంటుంది. సున్న, అంకె సున్న కూడా ఒకే గుండ్రం. కలం పాళీ మొద్దుబారితే ౧ తల మూసుకుపోయి అది కూడా సున్నలాగే కనబడుతుంది. ౨కీ ౩కీ తేడా ఒక్క తోకే.

భిన్నాలు ఇంకా చిక్కు. చిఠ్ఠాల్లో అంకె పక్కన నిలువు గీతలు కాలు భాగాలు, అడ్డగీతలు వీసాలు, అంటే పదహారో వంతులు. ౫ పక్కన రెండు నిలువు గీతలు, వాటి పక్కన మూడు అడ్డగీతలు ఉన్నాయనుకోండి. రెండు కాళ్లు ఎనిమిది అణాలు, మూడు వీసాలు మూడు అణాలు, మొత్తం అయిదు రూపాయల పదకొండు అణాలు. తెలియనివాడు ఆ నిలువు గీతల్ని పదకొండనో, పద్యం చివర దండమనో అనుకుంటాడు. సందేహం వస్తే పుట అడుగున మొత్తం చూడండి. రాసినాయన కూడిక సాధారణంగా సరిగ్గానే ఉంటుంది, తప్పు మన చదువులో ఉంటుంది. ఏ అంకెకి ఏ విలువ ఇస్తే అడుగు మొత్తం కలుస్తుందో అదే సరైన చదువు. అక్షరాల్లో ఇంత నమ్మకమైన పరీక్ష లేదు. అందుకే జమాఖర్చు పుటలు ముందు చదివి, ఆ చేతిరాతకి కన్ను అలవాటు చేసుకుని, తరవాత కబుర్ల పుటల్లోకి వెళ్లమంటాను.

కొలతలు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. వరస చాలాచోట్ల ఇదే, కానీ మానిక పరిమాణం ఊరూరికీ మారుతుంది. కిలోల్లోకి మార్చి అచ్చువేయకండి. తూములు తూములుగానే ఉంచండి.

ఇక సరిదిద్దేవాళ్ల సంగతికి వద్దాం. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి. ఆమె ‘రాధికాసాంత్వనము’ 1887లో అచ్చయింది, కొన్ని పద్యాలూ అవతారికా లేకుండా. అవతారికలోనే ఆ కవయిత్రి తనెవరో, తన వాళ్లెవరో చెప్పుకుంది. అది తీసేయడంతో శృంగారం కాస్త తగ్గిందేమోగానీ రచయిత్రి మొత్తంగా మాయమైంది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, తేడాలు చూసి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠం తెచ్చారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు, 1952లో మళ్లీ అచ్చయింది. ఆ రాతప్రతి దొరక్కపోయి ఉంటే, 1887 పుస్తకంలో ఏదో పోయిందని అనుమానించే వీలు కూడా మనకి ఉండేది కాదు.

సి.పి. బ్రౌను పద్ధతి దీనికి ఎదురు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకి జీతాలిచ్చి, పాఠభేదాలు పక్కపక్కన రాయించేవాడు. 1829లో ఆయన వేసిన వేమన పద్యాలు 693, పదేళ్లకి 1839లో వేసినవి 1,164. బ్రౌను ఎంపిక మీద, ఆయన అభిరుచి మీద మీకు కోపం ఉండవచ్చు, నాకూ కొంత ఉంది. కానీ ఆయన కాదన్న పాఠం కూడా ఆ కాగితాల్లో ఉంది, కావలసినవాడు వెళ్లి చూసుకోవచ్చు.

అచ్చులో ఉండి కూడా కనబడకుండా పోయినవారు వేరే రకం. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. 1905లో, ముప్ఫై ఏళ్లకే ఆమె పోయారు. చాలాకాలం మొదటి తెలుగు కథ అంటే 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ అనే చదువుకున్నాం. ఏది మొదటిదన్న పోటీ నాకు అంత రుచించదు, నిర్వచనం మార్చినకొద్దీ విజేత మారుతుంటాడు. నేను చూసేది కారణం. ఆడవాళ్ల పత్రికల్ని ఏ ఏటికాయేడు బైండు చేయించి దాచిన గ్రంథాలయాలు తక్కువ. విడి సంచికలు తూకానికి పోయాయి. కాబట్టి పాత పత్రిక ఒక్క సంచిక దొరికినా, చిరిగిందని వదలకండి. ముందుపేజీ, వెనకపేజీ, ప్రకటనలు, చందాదారుల పేర్లతో సహా ఫోటో తీయండి. వెతికేటప్పుడు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ముందు చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి గానీ పేర్లు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వారు కొట్టారు. ఒకే పేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో, రచయిత ఇంటిపేరు లేకుండా ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి వెతకాలి. దొరికాక పుటల వరస లెక్కపెట్టండి, మధ్యలో పుటలు ఎగిరిపోయిన స్కాన్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు చేతిపని. పెట్టె తెరవగానే దులపకండి, ఎండలో అసలే ఆరబెట్టకండి. ఎండకి సిరా వెలుస్తుంది, కాగితం పెళుసెక్కుతుంది. పుటల మధ్య దొరికే చీటీలు, రసీదులు, కార్డులు ఏ పుట దగ్గర ఉన్నాయో అక్కడే ఉంచి ఫోటో తీసి, ఆ తరవాతే కదపాలి. తేదీ లేని పుటకి తేదీ ఇచ్చేది చాలాసార్లు ఆ రసీదే. తుప్పు పట్టిన గుండుసూదిని లాగితే కాగితం చిరుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య రెండు పక్కలా పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లిగా జార్చాలి. సెల్లోటేపు వద్దు. కొన్నేళ్లకి టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మరకై కాగితంలో మిగిలిపోతుంది. లామినేషన్ ఇంకా ఘోరం, మళ్లీ విడదీయలేరు. అతుక్కుపోయిన పుటల్ని కత్తితో విడదీయకండి, నిపుణులకి వదిలేయండి. తాటాకు ప్రతులైతే వంచకూడదు. ఆకుకి రెండు పక్కలా కలిపి ఒకే సంఖ్య ఉంటుంది కాబట్టి, ముందుపక్కా వెనకపక్కా అని మీరే గుర్తు పెట్టుకోవాలి. నిమ్మగడ్డి నూనె రాయడం మంచిదే, కానీ ఫోటోలు తీశాక, ఒక ఆకు మీద పరీక్షించాక. వెలిసిన అక్షరాల్లో మసి నింపే పని మాత్రం తెలిసినవారి చేతనే చేయించాలి.

ఫోటోకి వెలుతురు రెండు పక్కల నుంచీ ఏటవాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు. ఎనిమిది అంగుళాల పుట నిలువునా 3,200 పిక్సెళ్లు వస్తే అంగుళానికి 400 అన్నమాట, చదవడానికీ అచ్చుకీ చాలు. రంగులోనే తీయండి. నలుపు తెలుపులో తీస్తే సిరా ఏదో, తరవాత ఎవరో పెన్సిల్‌తో రాసిందేదో తేడా తెలియదు. ఖాళీ పుటలు కూడా వదలకూడదు. వదిలితే పుట పోయిందా, అసలు ఖాళీయేనా అని తరవాత ఎవరూ తేల్చలేరు. మూడు నకళ్లు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో.

ఎత్తిరాసేటప్పుడు రెండు పొరలు. మొదటి పొర ఉన్నదున్నట్టు: అరసున్నలు, బండిరాలు, ‘యి’లు ‘వొ’లు, ద కి ధ రాసిన తప్పులు, పంక్తి ఎక్కడ విరిగితే అక్కడే విరవాలి. చదవలేని అక్షరానికి ఒక్కో చుక్క, అనుమానం ఉన్నదానికి ప్రశ్నగుర్తు. ఊహించి పూరించకండి. రెండో పొర చదువరుల కోసం, అందులో మాటలు విడదీయండి, విరామాలు పెట్టండి, కావాలంటే వర్ణక్రమం మార్చండి. ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ఎత్తిరాసింది చూస్తూ సరిపోల్చాలి. ఒక్కరే చేస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది, ముఖ్యంగా ఒకే మాటతో మొదలయ్యే రెండు పంక్తులున్నచోట మధ్యలోది ఎగిరిపోతుంది.

చివరగా హక్కులు. నోటుపుస్తకం మీ ఇంట్లో ఉన్నంతమాత్రాన అచ్చువేసే హక్కు మీకు రాదు, అది రాసినవారి వారసులది. రచయిత బతికుండగా అచ్చయిన రచనకి ఆయన పోయిన తరవాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. పోయాక మొదటిసారి అచ్చయితే, ఆ అచ్చయిన తరవాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. ప్రజలకి అందుబాటులో ఉన్న గ్రంథాలయంలోని అముద్రిత రచనని, రచయిత పోయి 60 ఏళ్లు దాటితే, పరిశోధన కోసం వాడుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. అందుకని నోటుపుస్తకం గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు వారసులందరి సంతకాలతో ఒక కాగితం కూడా జతచేయండి. డైరీలో ఊళ్లోవాళ్ల అప్పులు, ఇంటి గొడవలు, కులం పేరు పెట్టి అన్న మాటలు తప్పకుండా ఉంటాయి. వాళ్ల పిల్లలు ఇంకా అదే ఊళ్లో ఉంటే అచ్చుప్రతిలో ఆ పేరుకి బదులు గీత పెట్టి, పెట్టినట్టు అక్కడే చెప్పండి. మూలం మీద మాత్రం సిరా పూయకండి, ఆ పుట చింపకండి. పూర్తి పాఠాన్ని సీలువేసిన కవరులో, ఏ ఏడు దాకా తెరవకూడదో పైన రాసి, గ్రంథాలయానికే ఇవ్వండి.